తూకం తగ్గింది సరే, బలమేమైంది?

పోయిన వారం చిత్తూరు నుంచి మా చెల్లెలు ఫోన్ చేసింది. "అక్కా, నీ మాదిరే నేనూ తగ్గాలనుకుంటా ఉండా. పొద్దున గంట, సాయంత్రం గంట నడుస్తా. రాత్రి అన్నం మానేస్తా. చాలా?" అని అడిగింది. "చాలు" అనబోయి ఆగిపోయాను. సరిగ్గా అదే పని నేనూ చేశాను. తగ్గాను కూడా. ఆ తగ్గడం వెనక ఏం జరిగిందో మాత్రం దానికెప్పుడూ చెప్పలేదు. ఫోన్లో చెప్పింది చెప్పగా మిగిలింది ఇక్కడ రాస్తున్నాను. మీలో ఎవరికైనా పనికొస్తే సంతోషమే.

అప్పుడు నాకు 46 ఏళ్ళు. ఎత్తు ఐదడుగుల రెండంగుళాలు, బరువు 74 కిలోలు. మా ఆడపడుచు కూతురి పెళ్ళి ఆల్బమ్ వచ్చిన రోజు అందరూ పెళ్ళికూతుర్ని చూస్తుంటే నేను మాత్రం ప్రతి ఫోటోలోనూ నన్ను నేను వెతుక్కుంటూ, దొరికినప్పుడల్లా దిగులు పడుతూ కూర్చున్నాను. ఆ మర్నాడే యూనివర్సిటీ గ్రౌండ్‌కి బయలుదేరాను. తిరుపతిలో పొద్దున్నే ఐదున్నరకు అక్కడ చూస్తే సగం ఊరు నడుస్తూ కనపడుతుంది. చీర మీద షూస్ వేసుకున్న నాలాంటి వాళ్ళకేం కొదవలేదు.

మొదట ఒక గంట. తర్వాత సాయంత్రం ఇంకో గంట. తిండి సంగతైతే చెప్పనే అక్కర్లేదు. పొద్దున రెండు ఇడ్లీలు, మధ్యాహ్నం ఒక గరిటె అన్నంలో చారు, రాత్రి ఒక జామకాయో, బొప్పాయి ముక్కలో. నాలుగు నెలల్లో 13 కిలోలు పోయాయి. కాటా మీద 61 చూసిన రోజు మా ఆయనకు ఆఫీసుకే ఫోన్ చేసి చెప్పాను.

అందరూ మెచ్చుకున్నారు. "ఎట్ల తగ్గినావు?" అని అడగని వాళ్ళు లేరు. అయితే రెండు మాటలు మాత్రం మనసులో ముల్లులా గుచ్చుకున్నాయి. ఒకటి, మా పక్కింటావిడ నెమ్మదిగా పక్కకి పిలిచి "షుగర్ ఏమైనా వచ్చిందా?" అని అడిగింది. రెండోది, జాకెట్లు చిన్నవి చేయించడానికి వెళ్తే టైలరమ్మ టేపు పెట్టి, "చేతులు మూడొంతులు తగ్గిపోయినాయక్కా, నడుము మాత్రం మీరనుకున్నంత తగ్గలే" అంది. నిజమే. చేతులు పైకెత్తితే కింద చర్మం వేలాడుతోంది. మొహం పీక్కుపోయింది. పొట్ట మాత్రం తన చోటు వదలకుండా అట్లాగే ఉంది.

మా అత్త ఈ మాటలన్నీ వింటూ ఉండేది. ఆమెకు అప్పుడు 77 ఏళ్ళు. పలమనేరు దగ్గర పల్లెలో పుట్టి పెరిగిన మనిషి. ఆమె ఒక్కటే నన్ను మెచ్చుకోలేదు. "ఏంది మే, గాలొస్తే పడిపొయ్యేట్టుండావు. తినే కూడు తినకుండా ఆ నడకేంది?" అనేది. పాతకాలం మనిషి, ఆమెకేం తెలుసులే అనుకునేదాన్ని.

ఫిబ్రవరిలో ఒకరోజు పదకొండు గంటలప్పుడు బాత్రూంలో దబ్బున శబ్దమైంది. పరిగెత్తాను. అత్త ఒక పక్కకు పడి ఉంది. స్పృహలోనే ఉంది, మాట్లాడుతోంది. తడి నేల. "లేపు మే" అని చేయి చాచింది. చంకల కింద చేతులు పెట్టి ఎత్తబోయాను. ఎత్తలేకపోయాను. మళ్ళీ ప్రయత్నించాను. ఆమె 52 కిలోలు. ఏడాది కిందట జ్వరమొచ్చినప్పుడు ఆమెను మంచం మీంచి నేనొక్కదాన్నే లేపి కూర్చోబెట్టేదాన్ని. ఇప్పుడు నా తొడలు వణుకుతున్నాయి, చేతులు జారిపోతున్నాయి. ఆమె నా మొహంలోకి చూసి, "వద్దులే, నువ్వు కూడా పడతావు. ఎవర్నన్నా పిలు" అంది. చివరికి పైఇంట్లో అద్దెకుంటున్న అబ్బాయి వచ్చి లేపాడు. అప్పటిదాకా, పది నిమిషాలో పదిహేను నిమిషాలో, ఆమె ఆ తడి నేల మీదే ఉంది. నేను పక్కనే కూర్చుని ఆమె తల ఒళ్ళో పెట్టుకున్నాను. చేయగలిగింది అంతే.

దేవుడి దయ, ఎముక విరగలేదు. తుంటి దగ్గర కండ దెబ్బతింది. రెండు వారాల విశ్రాంతి తర్వాత ఇంటికొచ్చి వ్యాయామాలు చేయించడానికి ఒక ఫిజియోథెరపిస్టమ్మాయి కుదిరింది. నిజానికి నా కథ మారింది ఆ అమ్మాయి వల్లే.

మూడో రోజు అత్త చేత కుర్చీలోంచి లేపి కూర్చోబెట్టిస్తూ, "అక్కా, మీరూ చేయండి, అమ్మకు హుషారొస్తుంది" అంది. చేతులు ఛాతీ మీద కట్టుకుని, దేన్నీ పట్టుకోకుండా కుర్చీలోంచి పూర్తిగా లేవాలి, మళ్ళీ కూర్చోవాలి. 30 సెకన్లలో ఎన్నిసార్లు చేయగలమో లెక్క. రోజూ రెండు గంటలు నడిచే దాన్ని, ఇదొక లెక్కా అని మొదలుపెట్టాను. పదిసార్లకే సమయం అయిపోయింది. ఆ అమ్మాయి ఏమీ అనలేదు. నేనే అడిగితే చెప్పింది, 60 నుంచి 64 ఏళ్ళ మధ్య ఆడవాళ్ళకే పన్నెండు కంటే తక్కువైతే బలం తక్కువ కింద లెక్కట. నాకు 46. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఆ తర్వాత రోజుల్లో ఆ అమ్మాయి కాఫీ తాగుతూ నాకు ఓపిగ్గా చెప్పిన విషయాలు ఇవి. తర్వాత మా అమ్మాయి చేత చదివించుకుని నేను సరిచూసుకున్నాను కూడా.

నడక తప్పు కాదు. నడక, పరుగు, సైకిలు, ఈత, ఇవన్నీ కార్డియో కిందకే వస్తాయి. గుండెకు మంచివి, కొవ్వు కరిగించడంలో సాయం చేస్తాయి. అయితే శరీరం కాటా మీద అంకెను చూడదు. తిండి బాగా తగ్గించేసి, బరువు పని ఏమీ చేయకపోతే అది కొవ్వుతో పాటు కండను కూడా ఖర్చు పెట్టేస్తుంది. వాడని కండను పోషించడం దానికి దండగ ఖర్చు. ఒట్టి తిండి తగ్గించి బరువు తగ్గినప్పుడు పోయినదాంట్లో ఇంచుమించు నాలుగో వంతు కొవ్వు కానిదే ఉంటుందట. అంటే నా 13 కిలోల్లో మూడు కిలోల పైన నాకు కావలసిన సరుకే పోయి ఉంటుంది. పైగా ముప్ఫై దాటాక మనమేం చేయకపోయినా కండ కొద్దికొద్దిగా తరిగిపోతూనే ఉంటుంది. ఉన్నదే తక్కువ, దాంట్లోంచి నేను మళ్ళీ తీసేశాను.

మన భారతీయులకు ఇంకో చిక్కుంది. చూడ్డానికి సన్నగా ఉన్నా లోపల కొవ్వు ఎక్కువ, కండ తక్కువ. 2004లో లాన్సెట్ పత్రికలో పుణెకి చెందిన డాక్టర్ యాజ్ఞిక్, లండన్ డాక్టర్ యుడ్కిన్ పక్కపక్కన నిలబడిన ఫోటో ఒకటి వచ్చింది. ఇద్దరిదీ బీఎంఐ ఒకటే, 22.3. ఇద్దరూ సన్నగానే ఉంటారు. కొలిచి చూస్తే యుడ్కిన్ ఒంట్లో కొవ్వు 9.1 శాతం, మన యాజ్ఞిక్ ఒంట్లో 21.2 శాతం. అందుకే మనవాళ్ళకు కాటా కంటే టేపు ముఖ్యమంటారు. ఆడవాళ్ళకు నడుము చుట్టుకొలత 80 సెంటీమీటర్లు, అంటే ముప్ఫై ఒకటిన్నర అంగుళాలు దాటకూడదు. 61 కిలోలున్న నాకు 34 అంగుళాలుంది. టైలరమ్మ టేపు అబద్ధం చెప్పలేదన్నమాట.

అయితే ఏం చేయాలి? ఆ అమ్మాయి మూడే చెప్పింది. నడకను మానొద్దు, తగ్గించు. వారానికి రెండు మూడు రోజులు బరువు పని చెయ్యి. ప్రొటీన్ తిను.

నడక విషయానికొస్తే, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పిన లెక్క ప్రకారం వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు వేగం వ్యాయామం, దాంతో పాటు వారానికి రెండు రోజులైనా కండలకు పని. నేను వారానికి 840 నిమిషాలు నడుస్తూ ఆ రెండో భాగాన్ని పూర్తిగా వదిలేశాను. ఇప్పుడు వారానికి ఐదు రోజులు, రోజుకు 40 నిమిషాలు నడుస్తున్నాను. అంటే 200 నిమిషాలు. వేగం సరిగ్గా ఉందో లేదో తెలుసుకోవడానికి ఒక చిట్కా ఉంది. నడుస్తూ పక్కనున్న వాళ్ళతో మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. హాయిగా పాట పాడగలుగుతున్నామంటే అది షికారు కిందే లెక్క.

బరువు పని అంటే నాకు మొదట భయమేసింది. జిమ్ముకు పోవాలా, మగవాళ్ళలా కండలొస్తాయా అని. "అక్కా, కరణం మల్లీశ్వరి గారు 2000లో సిడ్నీలో మొత్తం 240 కిలోలెత్తి పతకం తెచ్చారు. అంత ఎత్తాలంటే ఎన్నేళ్ళు చేయాలి? మీరు ఐదు కిలోల బియ్యం సంచి ఎత్తితే ఏ కండలూ రావులెండి" అని నవ్వింది. ఆడవాళ్ళ ఒంట్లో దానికి కావలసిన హార్మోను మగవాళ్ళకంటే చాలా తక్కువట. మనకొచ్చేది గట్టిదనం, అంతే.

నేను చేసేవి ఇంట్లో ఉన్నవాటితోనే. కుర్చీలోంచి లేచి కూర్చోవడం, పన్నెండేసి మూడుసార్లు. గోడకు చేతులు ఆన్చి వంగి లేవడం, అది వచ్చేశాక వంటగట్టుకు ఆన్చి. వెల్లకిలా పడుకుని మోకాళ్ళు మడిచి నడుము పైకి లేపడం. రెండు చేతుల్లో బియ్యం సంచులు పట్టుకుని హాల్లో అటూ ఇటూ నడవడం. రెండు లీటర్ల నీళ్ళ సీసాలు పట్టుకుని ముందుకు వంగి మోచేతులు వెనక్కి లాగడం. ఇదంతా అరగంట పని, సోమవారం, గురువారం. పన్నెండు సార్లు తేలిగ్గా వచ్చేస్తోందంటే బరువు కొంచెం పెంచాలి. ఈ ఒక్క ముక్క చాలామంది మర్చిపోతారు. ఏడాది పొడుగునా అదే బరువు ఎత్తుతూ ఉంటే శరీరానికి కొత్తగా కండ పెంచే అవసరం ఏముంటుంది?

ఇక తిండి. నేను తిన్నది లెక్కేస్తే రోజుకు ముప్ఫై గ్రాముల ప్రొటీన్ కూడా లేదు. ఐసీఎంఆర్ లెక్క ప్రకారం కిలో బరువుకు 0.83 గ్రాములు, అంటే నాకు 50 గ్రాములు కావాలి. బరువు తగ్గే వాళ్ళకు ఇంకాస్త ఎక్కువే, 60 దాటితే మంచిదంది ఆ అమ్మాయి. దీనికి డబ్బాల్లో అమ్మే పొడులు కొనాల్సిన పని లేదు. మా అత్త వంటే సరిపోయింది! రాగిసంగటి, ఊరిబిండి, ఉలవ గుగ్గిళ్ళు, అలసందల కూర, చలికాలం వస్తే పితికిపప్పు. ఇన్నాళ్ళూ లావవుతామని నేను పక్కన పెట్టినవన్నీ ఇవే. ఇప్పుడు పొద్దున రెండు గుడ్లు, మధ్యాహ్నం సంగటో అన్నమో కొంచెం, దాంతో పప్పు గట్టిగా, ఒక పెద్ద కప్పు పెరుగు. సాయంత్రం అర గిన్నె ఉలవ గుగ్గిళ్ళు. మధ్యలో ఒక పిడికెడు వేయించిన చెనిక్కాయలు, పిడికెడంటే పిడికెడే, నూనె గింజ కదా. రాత్రి రెండు చపాతీలు, కూర, పాలు. శనివారం మా ఇంట్లో నీచు ముట్టం కాబట్టి ఆ రోజు గుడ్ల బదులు పెసరట్టు.

మొదటి రెండు నెలలు కాటా కదల్లేదు. కదలకపోగా ఒక కిలో పెరిగింది. నాకు ఏడుపొచ్చింది. మళ్ళీ రాత్రి తిండి మానేద్దామనుకున్నాను. మా అత్త కంచం ముందు కూర్చోబెట్టి, "తిను మే. ఈ సారి నేను పడితే నువ్వే లేపాల" అంది. నవ్వుతూనే అంది కానీ నాకు గొంతులో ముద్ద దిగలేదు. టేపు తెచ్చి నడుము కొలుచుకున్నాను. ముప్ఫై మూడు. బరువు పెరిగింది, నడుము ఒక అంగుళం తగ్గింది. అప్పుడు అర్థమైంది టేపు ఎందుకన్నారో.

మూడో నెల నుంచి నెలకు రెండుసార్లు శ్రీవారి మెట్టుకు వెళ్ళడం మొదలుపెట్టాను. తిరుపతిలో ఉంటూ మనం మెట్లను దేవుడి దగ్గరకు దారిగానే చూస్తాం. కార్డియోకీ బరువు పనికీ రెంటికీ ఒకేసారి అంతకంటే మంచి చోటు ఇంకెక్కడుంది? శ్రీనివాసమంగాపురం వైపు నుంచి ఎక్కితే 2388 మెట్లు, దూరం తక్కువ, నిటారు ఎక్కువ. అలిపిరి నుంచైతే 3550 మెట్లు, సుమారు 9 కిలోమీటర్లు. చదునుగా నడిచేటప్పుడు శరీరాన్ని ముందుకు తోస్తాం. మెట్టెక్కేటప్పుడు ప్రతిసారీ మొత్తం బరువును ఒంటికాలి మీద పైకి లేపుతాం. తొడలకు, పిరుదులకు అంత పని ఉత్త నడకలో రాదు. నేను యాభై మెట్లు గబగబా ఎక్కి, పది ఊపిరులు ఆగి, మళ్ళీ యాభై ఎక్కుతాను. పైకెళ్ళాక దిగడం మాత్రం బస్సులోనే. దిగేటప్పుడు తొడ కండ సాగుతూ బరువును ఆపుతుంది కాబట్టి రెండు మూడు రోజులు పిక్కలు, తొడలు పట్టేస్తాయి. మోకాళ్ళ మీదా భారమే. ఇంకో మాట, మెట్ల దారిలో పొద్దుకూకే వేళ ఒంటరిగా వెళ్ళకండి. 2023 ఆగస్టులో అలిపిరి దారిలో చిరుత దాడిలో ఒక పసిబిడ్డ ప్రాణం పోయింది. పగటిపూట, నలుగురితో కలిసి వెళ్ళండి.

ఆరు నెలలకు ఆ అమ్మాయి మా అత్తను చూడ్డానికి ఊరికే వచ్చింది. కుర్చీ తెచ్చి వేశాను. 30 సెకన్లలో 17 సార్లు. మా అత్త చప్పట్లు కొట్టింది. అప్పుడు నా బరువు 62. కాటా ప్రకారం నేను ఆరు నెలల్లో ఏమీ సాధించలేదు! నడుము మాత్రం 32 అంగుళాలు. నీళ్ళ క్యాను ఎవర్నీ పిలవకుండా నేనే స్టాండు మీద పెడుతున్నాను.

మా అత్తకు ఒక మొక్కు మిగిలిపోయింది. పడ్డప్పుడు మొక్కుకుందట, మళ్ళీ నడిస్తే అలిపిరి మెట్లన్నిటికీ పసుపు కుంకుమ పెడతానని. ముప్ఫై అయిదేళ్ళ వయసులో, మా ఆయనకు చిన్నప్పుడు టైఫాయిడ్ తగ్గినప్పుడు ఒకసారి పెట్టిందట. ఇప్పుడు ఆమె వల్ల కాదు. "నా తరఫున నువ్వు పెడతావా మే?" అని అడిగింది. ఏడాది కిందటైతే వంద మెట్లు కూడా పెట్టలేకపోయేదాన్ని.

మార్గశిరంలో ఒక తెల్లవారుజామున వెళ్ళాం. మొదటి మెట్టుకు నా భుజం పట్టుకుని వంగి ఆమే పెట్టింది. మా ఆయన ఆమెను ఇంటికి తీసుకెళ్ళాడు. నేనూ మా అమ్మాయీ బయలుదేరాం. వంగాలి, పసుపు రాయాలి, కుంకుమ పెట్టాలి, లేవాలి, మెట్టెక్కాలి, మళ్ళీ వంగాలి. గాలిగోపురం చేరేసరికి నాకొకటి తట్టింది. ఈ జిమ్ములూ ఈ పేర్లూ తెలియని రోజుల్లోనే మన ఆడవాళ్ళు రోట్లో దంచి, బావిలో నీళ్ళు చేది, గడ్డిమోపులు మోసి, పైగా ఇట్లా వేల మెట్లకు వంగి లేచారు. వాళ్ళకు కండ కోసం వేరే పని అక్కర్లేకపోయింది. మనకు మిక్సీ వచ్చింది, మోటరొచ్చింది. ఆ సుఖం వద్దని నేనను. ఆ పని చేసిపెట్టిన బలాన్ని మాత్రం మనం వేరేగా సంపాదించుకోవాలి. లేకపోతే అది దానంతటది రాదు.

మోకాళ్ళ మెట్టు దగ్గర నిజంగానే కళ్ళనీళ్ళొచ్చాయి. రెండుసార్లు కూర్చున్నాను. పైకి చేరేసరికి మధ్యాహ్నం రెండు దాటింది. వేళ్ళన్నీ పచ్చగా ఉన్నాయి. తొడలు మంట పుట్టాయి కానీ వణకలేదు.

ఇంటికొచ్చేసరికి అత్త గుమ్మంలో కూర్చుని ఉంది. "అన్నీ పెట్టినావా?" అంది. "ఒక్కటి కూడా వదల్లేదత్తా" అన్నాను. లేవడానికి చేయి చాచింది. చంకల కింద చేతులు వేసి లేపాను. ఆమె ఏమీ అనలేదు, నా చేతిని ఒకసారి గట్టిగా ఒత్తి వదిలింది, అంతే.

కాబట్టి నడవాలనుకునే వాళ్ళందరూ నడవండి. షుగరు, బీపీ మాత్రలు వాడేవాళ్ళు, మోకాళ్ళ నొప్పులున్న వాళ్ళు ముందు మీ డాక్టరును ఒకమాట అడగండి. వారానికి అరకిలో తగ్గితే చాలు, తొందరపడకండి. పొట్ట ఒక్కటే తగ్గించే బెల్టులూ నూనెలూ కొనకండి. కొవ్వు మనం చెప్పిన చోటు నుంచి పోదు, దానికిష్టమైన చోటు నుంచి పోతుంది.

మా చెల్లెలు సోమవారం నుంచి మొదలుపెడుతుందట. షూస్ ఏ కంపెనీవి కొనమంటావని మెసేజ్ పెట్టింది. షూస్ తర్వాత చూద్దాం, ముందు ఒక గట్టి కుర్చీ తెచ్చుకుని 30 సెకన్లలో ఎన్నిసార్లు లేస్తావో నాకు చెప్పు అని రాశాను. ఇంకా జవాబు రాలేదు. మీరూ ఒకసారి లేచి చూడండి మరి.